ఆరు కీళ్ల రోబో చేయి, ఐదు ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్లు: ఒక కేస్ స్టడీ

మా టీమ్ రోబో చేతులకు కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆరు కీళ్లున్న చేయి చలన సమీకరణాలను కాగితం మీద రాబట్టడం మనిషి వల్ల అయ్యే పని కాదు. మాస్ మ్యాట్రిక్స్ (చేయి ద్రవ్యరాశి కీళ్ల కదలికను ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పే పట్టిక) ఒక్కటే 6×6. వికర్ణానికి అటూ ఇటూ ఒకటే కాబట్టి వేర్వేరు పదాలు 21 మాత్రమే, కానీ ఒక్కో పదాన్ని విప్పితే పేజీలకు పేజీలు పోతుంది. వీటిని సింబాలిక్‌గా, అంటే అంకెలు వేయకుండా అక్షరాలతోనే రాబట్టి, సీ (C) భాష కోడ్‌గా మార్చి, మైక్రోకంట్రోలర్ మీద ఎక్కించాలి. దీనికి మొదటి నుంచీ ఒక కమర్షియల్ ప్యాకేజీ వాడుతూ వచ్చాం.

బిల్డ్‌ను, అంటే కోడ్‌ను మెషీన్ మీద నడిచే రూపంలోకి మార్చే పని మొత్తాన్ని, ఆటోమేటిక్ సర్వర్ మీదికి మార్చినప్పుడు చిక్కు వచ్చిపడింది. మా దగ్గరున్న లైసెన్స్ ఒక మనిషికి, ఒక మెషీన్‌కి. కాబట్టి సమీకరణాలు రాబట్టేది ఒకరి డెస్క్‌టాప్ మీద, మిగతాదంతా సర్వర్ మీద. మధ్యలో ఒక ఫైల్ చేతులు మారేది. ఫలానా సీ ఫంక్షన్ ఏ సమీకరణం నుంచి వచ్చిందో చూపించమని ఎవరైనా అడిగితే, ఆ మనిషి సీట్లో ఉంటే తప్ప జవాబు దొరికేది కాదు. భద్రత విషయంలో జవాబుదారీ ఉన్న యంత్రానికి ఇది సరిపడదు. ఓపెన్ సోర్స్‌కు పూర్తిగా మారవచ్చా, మారితే ఏం పోగొట్టుకుంటాం అన్నది తేల్చే బాధ్యత నాకు అప్పగించారు.

పోలికకు తీసుకున్నవి ఐదు: ఓపెన్ సోర్స్ నుంచి మాక్సిమా, సింపై, ఫ్రైకాస్; కమర్షియల్ నుంచి మేపుల్, మాథమెటికా.

ఓపెన్ సోర్స్ అంటే కొత్తది, ఇంకా పండనిది అన్న అభిప్రాయం మా టీమ్‌లోనూ ఉండేది. ఈ రంగం వరకు అది నిజం కాదు. మాక్సిమా మూలం 1968లో ఎంఐటీలో మొదలైన మాక్సైమా (Macsyma) అనే ప్రాజెక్టు. అంటే కమర్షియల్ ఉత్పత్తుల కంటే పాతది. విలియం షెల్టర్ దాని ఒక రూపాన్ని ఏళ్ల తరబడి ఒంటిచేత్తో కాపాడి, 1998లో జీపీఎల్ (దాన్ని కలుపుకున్న ప్రోగ్రామ్‌ను పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్స్) కింద విడుదల చేసే అనుమతి సంపాదించారు. ఫ్రైకాస్ మూలం ఐబీఎంలో పుట్టిన స్క్రాచ్‌ప్యాడ్. అది యాక్సియం పేరుతో కొంతకాలం అమ్మకంలో ఉండి, తర్వాత ఓపెన్ సోర్స్ అయింది. మేపుల్ 1980లో వాటర్లూ యూనివర్సిటీలో మొదలైంది. మాథమెటికా 1988లో వచ్చింది. ఐదింటిలో నిజంగా కొత్త తరం సింపై ఒక్కటే. అది పూర్తిగా పైథాన్‌లో రాసింది, షరతులు చాలా తక్కువగా ఉండే బీఎస్‌డీ లైసెన్స్.

అన్ని గడుల్లో టిక్కులు

మొదట అందరూ చేసినట్టే ఫీచర్ల పట్టిక వేశాను. ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ సమీకరణాలు, మ్యాట్రిక్స్ లెక్కలు, గ్రోబ్నర్ బేసిస్ (బహుపద సమీకరణాలను సాధించే పద్ధతి), సీ కోడ్ తయారీ ఇలా వరుసలు. నింపడం పూర్తయ్యేసరికి దాదాపు ప్రతి గడిలోనూ టిక్కే. ఆ పట్టికతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. "ఇంటిగ్రేషన్ చేస్తుందా" అని అడిగితే ఐదూ చేస్తాయి. మాకు కావలసిన ప్రశ్న వేరు: జవాబు ఒక షరతు మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ షరతు మనం చెప్పనప్పుడు, ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? తనంతట తానే ఒకటి అనుకుని ముందుకు పోతుందా, మనల్ని అడుగుతుందా, అన్ని సందర్భాలూ విడదీసి ఇస్తుందా, చేతకాదని ఆగిపోతుందా? ఇక్కడ ఐదూ ఒకే రకంగా నడవవు. అందుకే పట్టిక పక్కన పెట్టి, మా చేయి సమీకరణాల్లో నిజంగా ఎదురయ్యే చిన్న లెక్కలను ఒక్కొక్కటే అన్నింటికీ ఇచ్చి చూశాను.

గ్యాస్ స్ప్రింగ్ లెక్క

మా చేతిలో భుజం బరువును మోయడానికి నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగ్ ఉంటుంది. గ్యాస్ నొక్కుకున్నప్పుడు జరిగే పని లెక్కకట్టాలంటే, ఘనపరిమాణం వి ని మైనస్ ఎన్ ఘాతానికి ఎత్తి ఇంటిగ్రేట్ చేయాలి. చేయి వేగంగా కదిలితే వేడి బయటికి పోయే సమయం ఉండదు, ఎన్ విలువ 1.4 దగ్గర ఉంటుంది. నెమ్మదిగా కదిలితే ఉష్ణోగ్రత మారదు, ఎన్ 1 అవుతుంది. ఎన్ 1 అయిన క్షణంలో మామూలు సూత్రం చెల్లదు: హారంలో సున్నా వస్తుంది, అసలు జవాబు లాగరిథమ్.

ఇదే లెక్కను సరళం చేసి ఎక్స్ ఘాతం ఎన్ ని (ఇక్కడ చిక్కు ఎన్ = -1 దగ్గర) ఇంటిగ్రేట్ చేయమంటే మాథమెటికా, మేపుల్ రెండూ పాఠ్యపుస్తకంలోని మామూలు సూత్రం ఇస్తాయి. ఎన్ మైనస్ 1 అయ్యే సందర్భం జవాబులో కనిపించదు. ఇది దాచిపెట్టిన లోపం కాదు. ప్రత్యేక విలువలు వదిలేసి సాధారణ విలువలకు చెల్లే జవాబు ఇవ్వడం వాటి పద్ధతి. సింపై అదే ప్రశ్నకు రెండు ముక్కల జవాబు ఇస్తుంది: ఎన్ మైనస్ 1 కాకపోతే ఇది, అయితే లాగ్. మాక్సిమా జవాబు ఇచ్చే ముందే ఆగి, ఎన్ మైనస్ 1కి సమానమా అని మనల్ని అడుగుతుంది.

మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మాక్సిమా పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. లెక్కలో ఒక మలుపు ఉందని అదే చెబుతోంది కదా. కానీ రాత్రి సర్వర్ మీద నడిచే స్క్రిప్టులో ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఉండరు. ముందుగానే అస్యూమ్ ఆదేశంతో షరతులన్నీ రాసిపెట్టుకోవాలి. మాక్సిమాను లోపల ఇంజన్‌గా వాడే సేజ్ అనే మరో ఓపెన్ సోర్స్ గణిత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి చోట లెక్క ఎర్రర్‌తో ఆగి, ఏదో ఒక షరతు చెప్పమని సలహా ఇస్తుంది. ఆగిపోవడం కూడా మంచిదే. బిల్డ్ ఫెయిల్ అయితే ఎవరో ఒకరు చూస్తారు.

సింపై ఇచ్చే ముక్కల జవాబు సీ కోడ్‌గా మారినప్పుడు ఇఫ్ షరతుగా వస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎన్ సరిగ్గా 1 అయితే ఇఫ్ కాపాడుతుంది, కానీ 1.0000001 అయితే? రెండు దగ్గరి సంఖ్యల తేడాను చాలా చిన్న సంఖ్యతో భాగించాల్సి వస్తుంది, సుమారు ఏడు అంకెలే పట్టే సింగిల్ ప్రెసిషన్‌లో అంకెలు కొట్టుకుపోతాయి. దీన్ని ఐదింటిలో ఏదీ మన తరఫున చూసుకోదు. ఎన్ 1కి దగ్గరగా ఉన్నప్పుడు వాడటానికి సిరీస్ రూపం విడిగా రాబట్టి పెట్టాం. సిరీస్ రాబట్టడం మాత్రం ఐదింటికీ తేలికే.

పూర్తి చుట్టు సగటు

రెండో పరీక్ష మోటారు పక్కనున్న క్రాంక్ యంత్రాంగం నుంచి వచ్చింది. ఒక పూర్తి చుట్టులో సగటు కావాలి. సరళంగా చెప్పాలంటే 1 బై (2 ప్లస్ కాస్ ఎక్స్) ని 0 నుంచి 2పై (2π) వరకు ఇంటిగ్రేట్ చేయాలి. ఈ ఫంక్షన్ ఎప్పుడూ ధనాత్మకమే, విలువ 1/3కి 1కి మధ్య ఉంటుంది. కాబట్టి జవాబు 2.09కి, 6.28కి మధ్య పడాలి. అసలు జవాబు 2పై బై రూట్ 3, అంటే సుమారు 3.63.

మనలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది: ముందు పరిమితులు లేకుండా ఇంటిగ్రల్ తీసుకుని, తర్వాత రెండు చివరల విలువలు వేసి తీసివేయడం. మాథమెటికా ఇచ్చే ఇండెఫినిట్ ఇంటిగ్రల్‌లో ఆర్క్‌టాన్ లోపల టాన్ ఎక్స్ బై 2 ఉంటుంది. ఎక్స్ విలువ π దగ్గర ఆ ఫంక్షన్ ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఆ దూకుడు పట్టించుకోకుండా 0, 2పై విలువలు వేస్తే వచ్చే జవాబు సున్నా. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ఫంక్షన్‌కు సున్నా వైశాల్యం! అదే మాథమెటికాకు పరిమితులతో సహా మొత్తం ప్రశ్న ఇస్తే సరైన జవాబే వస్తుంది, ఎందుకంటే మధ్యలో తెగే చోట్లను అది విడిగా చూసుకుంటుంది. సింపై ఇంకో దారి పట్టింది: ఇండెఫినిట్ జవాబులోనే ఫ్లోర్ ఫంక్షన్ ఉన్న పదం ఒకటి కలిపి, ఫంక్షన్ తెగకుండా సరిచేసి ఇస్తుంది. దాంట్లో 0, 2పై వేసినా 2పై బై రూట్ 3 వస్తుంది. చూడటానికి ఆ జవాబు గజిబిజిగా ఉంటుంది. అయినా కోడ్‌లోకి వెళ్లే ఫంక్షన్‌కు నేను ఆ గజిబిజినే ఎంచుకుంటాను.

ఇంటిగ్రేషన్ గురించి మాట్లాడుతూ ఫ్రైకాస్‌ను వదలకూడదు. ఒక ఫంక్షన్‌కు ప్రాథమిక ఫంక్షన్లతో ఇంటిగ్రల్ ఉందో లేదో నిర్ణయించే పద్ధతిని రాబర్ట్ రిష్ 1960ల చివర్లో ఇచ్చారు. దాన్ని అత్యంత విస్తృతంగా అమలు చేసిన సిస్టమ్‌లలో ఫ్రైకాస్ ఒకటి. తన అమలు పూర్తికాని చోటికి వచ్చినప్పుడు "ఇంప్లిమెంటేషన్ ఇన్‌కంప్లీట్" అని సూటిగా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. "రాలేదు" అనేదీ "లేదు" అనేదీ వేరని చెప్పే సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం.

గుర్తు పోతే మోచేయి పోతుంది

చేతి చివర ఎక్కడ ఉండాలో చెబితే కీళ్ల కోణాలు లెక్కకట్టడం ఇన్వర్స్ కైనమాటిక్స్. రెండు లింకుల చేయిలో మోచేయి పైకి ఉండే జవాబు ఒకటి, కిందికి ఉండే జవాబు ఒకటి. లెక్కలో ఈ తేడా అంతా ఒక వర్గమూలం ముందున్న ప్లస్ లేదా మైనస్ గుర్తులోనే ఉంటుంది. అందుకే ఎక్స్ వర్గానికి వర్గమూలం అడిగితే ఏమిస్తుందో తెలుసుకోవడం మాకు చిన్న విషయం కాదు.

మాక్సిమా మామూలు సెట్టింగులతో ఎక్స్ పరమ మూల్యం ఇస్తుంది, ఎందుకంటే అది వాస్తవ సంఖ్యలనే ఊహిస్తుంది. సింపై ఏమీ ఊహించదు. ఎక్స్ సంకీర్ణ సంఖ్య కావచ్చని అలాగే ఉంచుతుంది. చలరాశిని ప్రకటించేటప్పుడే వాస్తవమని చెబితే పరమ మూల్యం, ధనాత్మకమని చెబితే ఎక్స్. మేపుల్‌ను సింప్లిఫై చేయమంటే గుర్తును తెలిపే సీఎస్‌జీఎన్ ఫంక్షన్ కలిపి ఇస్తుంది. మాథమెటికా కూడా సింపై లాగే మార్చకుండా ఉంచుతుంది, కానీ పవర్ ఎక్స్‌పాండ్ ఆదేశం వాడితే నేరుగా ఎక్స్ వచ్చేస్తుంది. ఆ క్షణంలో రెండో మోచేయి కనుమరుగవుతుంది. ఇక్కడ సింపై పద్ధతి మా పనికి బాగా కుదిరింది. ఏ రాశి మీద ఏ ఊహ ఉందో ఫైల్ మొదటి వరుసల్లోనే రాసి ఉంటుంది, రివ్యూ చేసేవాళ్లు చదవగలరు.

కమర్షియల్ వైపు తూగిన చోటు

మణికట్టు దగ్గర అయిదో కీలు కోణం సున్నా అయితే నాలుగో అక్షం, ఆరో అక్షం ఒకే గీత మీదికి వస్తాయి. అప్పుడు ఆ రెండు కోణాల మొత్తమే తెలుస్తుంది, విడివిడిగా తెలియవు. లెక్కలో ఇది ఏ ఎక్స్ = బి (a·x = b) అనే సమీకరణంలో ఏ సున్నా కావడంతో సమానం. మామూలు సాల్వ్ ఆదేశం సింపైలోనూ, మాక్సిమాలోనూ, మాథమెటికాలోనూ బి బై ఏ అని ఇచ్చి ఊరుకుంటుంది. మాథమెటికాలో రెడ్యూస్ అనే ఇంకో ఆదేశం ఉంది. అది ఏ సున్నా కానప్పుడు ఒక జవాబు, ఏ, బి రెండూ సున్నా అయితే ఎక్స్ ఏదైనా కావచ్చని ఇంకో జవాబు, ఇలా ఏదీ వదలకుండా ఇస్తుంది. అసమానతలు కలిసినా పనిచేస్తుంది. చేయి ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో లింకు పొడవులు సింబల్స్‌గా ఉంచి వెతికేటప్పుడు దీనికి సాటి వచ్చేది సింపైలో లేదు. ఓపెన్ సోర్స్‌లో రెడ్‌లాగ్ ప్యాకేజీ ఈ దిశలో బలమైనదే. కానీ మా టీమ్‌లో అందరూ చదివి వాడగలిగేంత దగ్గరగా అనిపించలేదు. అదొక్కటే కాదు, కష్టమైన డిఫరెన్షియల్ సమీకరణాలకు మేపుల్‌లోని డీసాల్వ్ ఆదేశం ఇచ్చే జవాబుల విస్తృతి కూడా సింపైకి ఇంకా దూరమే.

సమీకరణాల వాపు

అసలు పెద్ద పని మాస్ మ్యాట్రిక్స్. సింపైలో మెకానిక్స్ మాడ్యూల్ ఉంది, చలన సమీకరణాలు రాబట్టే లగ్రాంజ్ పద్ధతీ, కేన్ పద్ధతీ రెండూ సిద్ధంగా దొరుకుతాయి. సమీకరణాలు రావడం కష్టం కాదు. వచ్చిన వాటిని మొత్తంగా సింప్లిఫై చేయమంటేనే పని నిలిచిపోతుంది. మేపుల్ ఇక్కడ స్పష్టంగా వేగం. దానికి కారణం కంపైల్ చేసిన కెర్నల్ (లోపలి ప్రధాన భాగం) మాత్రమే కాదు. ఒకే ఉపవ్యక్తీకరణ (పెద్ద సూత్రంలోని చిన్న ముక్క) వెయ్యి చోట్ల వచ్చినా మెమరీలో ఒక్క కాపీనే ఉంచే దాని పాత డిజైన్ కూడా. సింపై వేగం పెంచడానికి సీ ప్లస్ ప్లస్‌లో రాసిన సిమ్‌ఇంజన్ ఉంది, బహుపదుల లెక్కలకు ఫ్లింట్ లైబ్రరీ కలుపుకోవచ్చు.

కానీ ఈ పోటీలో వేగం చూసి మాత్రమే తేల్చకూడదని నా అభిప్రాయం. మైక్రోకంట్రోలర్‌కు అందమైన సూత్రం అక్కర్లేదు, తక్కువ గుణకారాలు కావాలి. సింప్లిఫై జోలికే పోకుండా, ఉమ్మడి ఉపవ్యక్తీకరణలను ఒకసారే లెక్కించి పేరు పెట్టే సీఎస్‌ఈ ఆదేశాన్ని 21 పదాల మీద ఒకేసారి నడిపితే, సైన్, కొసైన్ లెక్కలు కీలుకు ఒక్కొక్కటికి తగ్గిపోతాయి. మేపుల్ కోడ్ జనరేషన్ ప్యాకేజీలోనూ ఆప్టిమైజ్ ఆప్షన్ ఇదే పని చేస్తుంది, పైగా చాలా భాషలకు కోడ్ ఇస్తుంది. సింపై సీ కోడ్‌లో ఒకటి గమనించాలి: ఎక్స్ వర్గాన్ని అది పవ్ ఫంక్షన్ పిలుపుగా రాస్తుంది. చిన్న ప్రాసెసర్ మీద అది ఖరీదైన పిలుపు. ఘాతాలను గుణకారాలుగా విప్పే ఆప్టిమైజేషన్ సింపైలోనే ఉంది, దాన్ని మనం పనిగట్టుకుని పెట్టాలి.

జవాబు సరైనదని ఎలా తెలుసు

2014లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ నోటీసెస్‌లో ముగ్గురు గణితజ్ఞులు ఒక వ్యాసం రాశారు. పెద్ద పూర్ణాంకాలున్న మ్యాట్రిక్స్ నిర్ధారకాన్ని మాథమెటికా తప్పుగా ఇచ్చిందనీ, అదే మ్యాట్రిక్స్‌ను మళ్లీ ఇస్తే వేరే విలువ వచ్చిందనీ అందులో చూపించారు. దీన్ని పట్టుకుని కమర్షియల్‌ను నమ్మకూడదని వాదించడం న్యాయం కాదు. సింపై బగ్‌ల జాబితాలో "రాంగ్ రిజల్ట్" అనే లేబుల్ ప్రత్యేకంగా ఉంది, దాని కింద ఎంట్రీలూ ఉన్నాయి. తేడా ఏమిటంటే ఆ జాబితాను నేను చదవగలను, మా లెక్కను తాకే బగ్ ఉందో లేదో వెతకగలను, తప్పు జరిగిన వరుస దాకా వెళ్లగలను. ఇక్కడ మేపుల్‌కు దక్కాల్సిన మాట ఒకటుంది: దాని లైబ్రరీలో అధిక భాగం మేపుల్ భాషలోనే రాసి ఉంటుంది, ఆ ప్రొసీజర్ల పాఠాన్ని వాడుకరి తెరిచి చూడవచ్చు. మూసి ఉండేది కెర్నల్.

రెండు సిస్టమ్‌లు ఇచ్చిన జవాబులు ఒకటేనా అని చూడటం కూడా అనిపించినంత తేలిక కాదు. ఒకే సింపై రెండు వెర్షన్లలో ఒకే జవాబు రెండు రూపాల్లో రావచ్చు, కాబట్టి అక్షరాలు పోల్చి లాభం లేదు. తేడా తీసుకుని సున్నా అవుతుందా అని చూడాలి. సైన్, ఎక్స్‌పొనెన్షియల్, పరమ మూల్యం లాంటివన్నీ కలిసిన వ్యక్తీకరణ సున్నానా కాదా అని ప్రతిసారీ తేల్చే పద్ధతి ఉండదని రిచర్డ్‌సన్ 1968లోనే నిరూపించారు. అదృష్టవశాత్తూ రోబో చేతికి ఆ చిక్కు లేదు. కోణాల మొత్తాలను విప్పి, ప్రతి కీలుకూ సైన్‌ను ఎస్, కొసైన్‌ను సి అనుకుంటే అంతా బహుపదులే. ఎస్ వర్గం కనిపించిన ప్రతిచోటా 1 మైనస్ సి వర్గం పెడితే మిగిలేది ఒకే ఒక్క రూపం. అది సున్నా అయితే తేడా నిజంగా సున్నా, అందులో సందేహానికి తావు లేదు. సింపైలో వచ్చిన ప్రతి పదాన్నీ మాక్సిమాలో విడిగా రాబట్టి ఇలా పోలుస్తున్నాం. రెండూ వేరే భాషల్లో, వేరే మనుషులు, వేరే కాలాల్లో రాసినవి కాబట్టి ఒకే తప్పు రెండూ చేసే అవకాశం తక్కువ.

దీనికి తోడు భౌతికశాస్త్రం ఇచ్చే పరీక్ష ఒకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మాస్ మ్యాట్రిక్స్ కాలంతో మారే రేటు నుంచి, సరిగ్గా ఎంచుకున్న కొరియాలిస్ మ్యాట్రిక్స్‌కు (కీళ్ల వేగాల వల్ల పుట్టే బలాలను లెక్కించేది) రెట్టింపు తీసేస్తే, మిగిలేది తన ట్రాన్స్‌పోజ్‌కు (వరుసలూ నిలువులూ తారుమారు చేసిన రూపానికి) మైనస్ గుర్తుతో సమానం కావాలి. ఇది శక్తి నిత్యత్వం నుంచి వచ్చే నియమం. ఈ రెండు మ్యాట్రిక్స్‌లు ఒకదానికొకటి పొసగకుండా చేసే గుర్తు తప్పులు ఈ పరీక్షలో బయటపడతాయి.

తీసుకున్న నిర్ణయం

సమీకరణాలు రాబట్టడం, కోడ్ తయారీ పూర్తిగా సింపైకి మార్చాం. స్క్రిప్టులు మిగతా కోడ్‌తో పాటే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే వ్యవస్థలో) ఉంటాయి, వెర్షన్ పిన్ చేసి ఉంటుంది, సర్వర్ ప్రతి బిల్డ్‌లోనూ మొదటి నుంచి రాబడుతుంది. మాక్సిమా అదే సర్వర్ మీద రెండో సాక్షిగా నడుస్తుంది. దాని జీపీఎల్ గురించి టీమ్‌లో భయం ఉండేది. మా ఉత్పత్తిలో మాక్సిమా భాగమేదీ చేరదు, అది లెక్కించి ఇచ్చే జవాబుకు జీపీఎల్ వర్తించదు కాబట్టి ఆ భయం తీరింది. ఫ్రైకాస్ అవసరమైనప్పుడు చేత్తో తెరిచి వాడుతున్నాం. దాని టైప్ వ్యవస్థ నేర్చుకోవడానికి ఓపిక కావాలి, టీమ్ మొత్తాన్ని దాని మీదికి లాగడం సబబు కాదనిపించింది.

కమర్షియల్ లైసెన్స్‌ను వదులుకోలేదు. కొత్త చేయి డిజైన్ దశలో, ఏ ఆకారంలో ఎక్కడ ఇరుక్కుంటుందో పరామితులు ఉంచి వెతికే పని దాంతోనే చేస్తున్నాం. ఒక్క నియమం పెట్టుకున్నాం: అక్కడ దొరికిన ఫలితం సింపై స్క్రిప్టుగా, దానిని పరీక్షించే టెస్టుతో సహా తిరిగి రాసే దాకా కోడ్‌లోకి రాదు. లైసెన్స్ ఉన్న మెషీన్ ఆఫ్‌లో ఉన్నా ఇప్పుడు బిల్డ్ ఆగదు. కొత్తగా చేరిన ఇంజనీరు కూడా ఏ సీ ఫంక్షన్ ఏ సమీకరణం నుంచి వచ్చిందో తనే వెతికి చూసుకోగలుగుతున్నారు. ఇంకా మిగిలి ఉన్నది మణికట్టు ఇరుక్కునే సందర్భాల విశ్లేషణ. దాన్ని రెడ్‌లాగ్‌తో తిరిగి చేసి, మాథమెటికా రెడ్యూస్ ఇచ్చిన షరతులతో ఒక్కొక్కటే సరిచూసే పని నడుస్తోంది.